పొడుగైన గళ్ళు

నేను మగ్గం గుంతలో ఇరుక్కుపోయిన రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. నేనే తేలిక చేద్దామని "ఇగో, మగ్గం నన్ను మింగింది" అన్నాను. నా భార్య ఒక చంక కింద చేయి వేసింది, ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన మా అమ్మ రెండో చంక పట్టుకుంది. ఇద్దరూ లాగుతుంటే నా పొట్ట కర్రకు ఒరుసుకుని లుంగీ ముడి ఊడిపోయింది. బయటపడి గట్టు మీద చతికిలబడి ఎగపోస్తుంటే ఇద్దరూ నన్నే చూస్తూ నిలబడ్డారు. అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. నలభై ఆరేళ్ళవాడిని, బడి నుంచి పడుతూ లేస్తూ వచ్చిన పిల్లాడికి తుడిచినట్టు తుడిచింది. ఆ రోజంతా ఎవరి మీదో తెలియని కోపంతో ఇంట్లో అందరినీ కసిరాను.

మాది నారాయణపేట, చీరలు నేసే ఇల్లు. మా మగ్గానికి గుంత ఉంటుంది. గుంత గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద ఉన్న తొక్కుడు కర్రలను తొక్కుతూ నేయాలి. పొట్టకు ఎదురుగా, నేసిన బట్ట చుట్టుకునే కర్ర ఉంటుంది. ఆ కర్రకూ వెనక గట్టుకూ మధ్య ఉన్న సందే నేతగాడి జాగా. మా నాయన చింతబరిక లాంటి మనిషి. పదహారేళ్ళకు నేను అందులో దిగినప్పుడు నాలాంటివాడు ఇంకొకడు పట్టేవాడు. సందు పెంచుకోవచ్చు కదా అని తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అందరూ సలహా ఇచ్చారు. పెంచితే చేయి అందదు. చేయి అందకపోతే పోగు మీద దెబ్బ పడదు. దెబ్బ పడకపోతే అది చీర కాదు, దోమతెర.

ఎట్లా ఇంత లావయ్యానో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. "తిని కూసుంటే గట్లనే అయితది" అన్నాడొక బంధువు. తిని కూర్చోవడమే కదరా మా పని! పొద్దు పొడవకముందు కూర్చుంటే పొద్దు గూకే దాకా కూర్చునే ఉంటాం. మధ్యలో గంటకో చాయ్, చాయ్‌లో రెండు చెంచాల చక్కెర. మగ్గం ముందు కూర్చున్న మనిషికి చాయ్ తిండి కాదు, బండికి నూనె పోసినట్టు అంతే. అట్లా ముప్పై ఏళ్ళు పోసుకున్నాను.

దవాఖానలో బరువు చూసే మిషన్ మీద నిలబడితే నూట పద్దెనిమిది చూపించింది. డాక్టరమ్మ నా మోకాళ్ళు ఒత్తి చూసి, ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాను. గుంత ఎంత లోతు, ఎట్లా దిగుతావు, ఎట్లా ఎక్కుతావు అని అన్నీ అడిగింది.

"మోకాళ్ళు అరిగిపోతున్నయి. బరువు తగ్గకుంటే ఏడాది లోపల ఆ గుంతలకు దిగుడే బంద్ అయితది. అప్పుడు నా దగ్గరికి వచ్చినా నేను చేసేది ఏం లేదు" అంది.

మా గల్లీలో మగ్గాలు వదిలేసినవాళ్ళు ఆటోలు నడుపుతున్నారు, బట్టల కొట్లలో చీరలు మడతపెడుతున్నారు. నాకు సైకిల్ తొక్కడం కూడా సరిగ్గా రాదు. లెక్కలు రావు, మాట మంచిది కాదు. నాకు వచ్చింది ఒక్కటే. ఆ ఒక్కటీ గుంతలో ఉంది, దాంట్లోకి నేను పట్టడం లేదు.

మా బిడ్డ పాలమూరులో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఆ సంగతి ఫోన్‌లో చెప్పగానే, "బాపూ, జర ఫికర్ చెయ్యకు. రాత్రి ఎనిమిదికి తినుడు బంద్ పెట్టు. మల్ల పగటీలి పన్నెండుకే తిను. నడుమల నీళ్లు తాగు. బస్, గంతే" అంది.

"చాయ్?"

"పాలు, చక్కెర ఎయ్యకుంట తాగు."

"గది చాయ్ ఎట్లయితదే?"

"అయితే తాగకు" అని నవ్వింది. వీడియోలు కూడా పంపింది. వాటిలో ఒక సన్నటి పిల్లవాడు గాజుగ్లాసులో నిమ్మకాయ నీళ్ళు పట్టుకుని, ఆకలి అనేది మనసులో ఉంటుంది, కడుపులో ఉండదు అని చెప్పాడు. వాడి కడుపులో ఉండదేమో. నా కడుపులో పొద్దున ఆరింటికే ఎలుకలు పరిగెత్తేవి.

మొదటి రోజు పొద్దున జొన్న రొట్టె వద్దంటే అమ్మకు అర్థం కాలేదు. "ఒక్కపొద్దా? ఏ దేవునికి కొడుకా?" అని అడిగింది.

"మోకాళ్ళ దేవునికి."

"కండ్లు వోతయ్, గట్లనకు" అని చెంపలు వేసుకుంది. తనే ఆలోచించి, యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కు అని ఖాయం చేసింది. ఒక్కపొద్దు అంటే అమ్మకు తెలిసిన పద్ధతి ఒకటే. అన్నం ముట్టకూడదు, కానీ పండ్లు తినొచ్చు, పాలు తాగొచ్చు, సగ్గుబియ్యం ఉడికించుకోవచ్చు. తొమ్మిదింటికి మగ్గం దగ్గరికి రెండు అరటిపండ్లు, బెల్లం వేసిన పాలు పట్టుకొచ్చేది. "ఉపాసమోళ్లకు ఫలారం తప్పు గాదు" అనేది. నాకూ తప్పనిపించలేదు. ఐదు రోజులు అట్లా గడిచాక బిడ్డకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. "బాపూ, నువ్వు ఉపాసం ఉంటలేవు. నాష్టా మార్చినవ్ అంతే" అంది. ఐదు రోజుల పుణ్యం గంగలో కలిసింది.

ఆరో రోజు నుంచి నిజంగా నోరు కట్టుకున్నాను. నాకన్నా మా ఇంట్లోవాళ్ళకే అది శిక్ష అయింది. తల పగిలిపోయేది. రొట్టె పెంక మీద కాలుతున్న వాసన వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నా భార్య నా కంటబడకుండా వంటింట్లో గోడవైపు తిరిగి తినేది. ఒకరోజు ఆమె ఉల్లిగడ్డ కొరికిన చప్పుడు వినిపించి, "జర మెల్లగ నమలరాదా, ఊరంత ఇనవడ్తాంది" అని అరిచాను. ఆమె ఆ రొట్టె అట్లాగే మూతపెట్టి వచ్చి చరఖా ముందు కూర్చుని నూలు కండెలు చుట్టింది. అన్న తర్వాత నా మాట నాకే కారం రాసినట్టయింది. కానీ వెళ్ళి తినమని చెప్పడానికి నోరు రాలేదు.

చాయ్ హోటల్ దగ్గర స్నేహితులు, "పైల్వాన్ చాయ్ వద్దంటున్నడంటే పొద్దు పడమట పొడిసినట్టే" అన్నారు. నేనూ నవ్వాను. ఎందుకంటే మూడు వారాలకు నాలుగు కిలోలు తగ్గాను. మిషన్ మీద నూట పద్నాలుగు చూసిన రోజు దవాఖాన మెట్లు దిగుతూ ఎవరైనా పలకరిస్తే బాగుండు అనిపించింది. ఒక్క దరిద్రుడూ ఎదురుపడలేదు.

ఆ నాలుగు కిలోలు ఎక్కడ నుంచి పోయాయో చీర చూశాక తెలిసింది.

మా చీర ఒళ్ళంతా గళ్ళు. గడికి ఇన్ని పోగులని లెక్క. ఒక రంగు పోగులు లెక్కపెట్టి వేసి, పోగును అటూ ఇటూ మోసే నాడె మార్చి, ఇంకో రంగు వేయాలి. పోగు వేసిన ప్రతిసారీ చేత్తో చట్రాన్ని గుంజి దాన్ని దగ్గరికి కొట్టాలి. దెబ్బ ఒకేలా పడితే గడి చదరంగా వస్తుంది. దెబ్బ మెత్తబడితే అన్నే పోగులు ఎక్కువ జాగా తీసుకుంటాయి, గడి పొడుగవుతుంది. నేసేవాడికి ముందున్న జానెడు బట్టే కనిపిస్తుంది. నేసింది నేసినట్టు కర్రకు చుట్టుకుపోతుంది. అందుకే నాకు తెలియలేదు.

మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు మాకు ఇచ్చి చీరలు తీసుకునే సేటు నెమ్మదస్తుడు. మా నాయన కాలం నుంచీ ఆయన ఇంటికే నేస్తున్నాం. ఆయన చీరను గద్దె మీద పరిచి, చేత్తో రాసుకుంటూ పోయి, ఒకచోట ఆగాడు. ఆ మడతను తెచ్చి ఇంకో మడత మీద వేశాడు. గళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. కింద గడి అయిపోయినా పైన గడి ఇంకా మిగిలే ఉంది.

"గిది పొద్దుగాల నేసినవ్" అన్నాడు పొడుగు గళ్ళ మీద వేలు పెట్టి. "గిది పగటీలి బువ్వ తిన్నంక నేసినవ్." ఇంకా ముందుకు జరిగాడు. "మల్ల గిది తెల్లారి. మల్ల గిది మాపటీలి."

చీర పొడుగునా అట్లాగే ఉంది. నా ఆకలి రోజుకో పట్టీ చొప్పున కనిపిస్తోంది. నేను తల వంచుకున్నాను.

ఆయన గుమాస్తాను బయటికి పంపి, గొంతు తగ్గించి అడిగాడు. "నీ నాయన నాకు దోస్తు లెక్క. నిజం చెప్పు. పొద్దుగాలనే తాగుతున్నవా?"

జీవితంలో కల్లు ముంత ముట్టనివాడిని. "లేదు సేటూ, ఉపాసం ఉంటున్న" అన్నాను.

"మగ్గం మీద కూసోని ఉపాసమా?" అని నా మొహంలోకి చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. ఆ చీరను పక్కన పెట్టి, "ఇంకొకటి గిట్ల వస్తే నీకు పడుగు ఇయ్యలేను, ఏమనుకోకు" అన్నాడు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాడిని. ఆయన ఏమనుకోకు అన్నాడు.

మా నాయన ఒక మాట అనేవాడు, కడుపు నిండితేనే దెబ్బ పడతదని. చిన్నప్పుడు అది రొట్టె తినిపించడానికి చెప్పే మాట అనుకున్నాను. తింటే గుంతలో పట్టను. తినకపోతే గుంతలో కూర్చుని చేసేదేమీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నా గొయ్యి మా ఇంట్లోనే ఉంది.

ఊరికే ఉండలేదు. వేళలు మార్చాను. పొద్దున ఏడింటికి తిని పగలు మూడింటికి ఆపేశాను. పొడుగు గళ్ళు సాయంత్రానికి జరిగాయి. కావాలని గట్టిగా కొట్టాను. గళ్ళు పొట్టివయ్యాయి, రెండుచోట్ల పోగు తెగింది. గళ్ళను కొలవడానికి ఒక ఈనెపుల్ల తుంచి పెట్టుకున్నాను. ప్రతి గడికీ ఆగి కొలిచేసరికి రోజుకు జానెడు కూడా నేయలేకపోయాను. ఒకరోజు కోపం వచ్చి తొమ్మిదింటికి నాలుగు రొట్టెలు పుంటికూరతో తిన్నాను. అబ్బ, ఆ పూట గళ్ళు ఎంత బాగా వచ్చాయో! తర్వాతి రోజూ తిన్నాను. ఆ వారం రోజుకు నాలుగు చొప్పున తిన్నాను. మిషన్ నూట పదిహేడు చూపించింది. దాన్ని తన్నాలనిపించింది.

"ఎవ్వల కోసం గీ తిప్పలు? ఇడిసిపెట్టు" అంది అమ్మ.

"ఏది ఇడువాలె? తిండా, మగ్గమా?" అన్నాను.

మళ్ళీ ఉపవాసం మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున, నాడె విసురుతుంటే కళ్ళ ముందు గళ్ళన్నీ కదిలాయి. రెండు చేతులతో కర్రను పట్టుకుని కూర్చున్నాను. నా భార్య చరఖా ఆపి వచ్చింది. ముందు నన్ను చూసింది, తర్వాత బట్టను చూసింది.

"లే" అంది.

"ఏందే?"

"లేవయ్యా. జరసేపు పండుకో. గీ గడి నేను పూర్తి చేస్త."

ఆమెకు నేత వచ్చని నాకు తెలుసు. పెళ్ళికి ముందు పుట్టింట్లో తండ్రి పక్కన నేసేది. మా ఇంట్లో మాత్రం ఆడవాళ్ళు కండెలు చుట్టేవాళ్ళు, పడుగు సరిచేసేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు కారు. వద్దని ఎవరూ చెప్పలేదు, కూర్చోమనీ ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళు అట్లా గడిచిపోయాయి. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని గుంతలోకి దిగింది. ఒకసారి కూడా ఒరుసుకోలేదు. మొదట కాసేపు తడబడింది, నాడె ఒకసారి కింద పడింది. తర్వాత చప్పుడు కుదిరింది. నేను చాప మీద పడుకుని విన్నాను. దెబ్బ, దెబ్బ, దెబ్బ, అన్నీ ఒకేలా పడుతున్నాయి. పక్క ఇంట్లో నేస్తున్నట్టు అనిపించింది.

ఆ పడుగు మీద మిగిలిన చీరలన్నీ ఆమే నేసింది. పొద్దున రెండు రొట్టెలు కడుపునిండా తిని కూర్చునేది, ఇప్పుడు గోడవైపు తిరగకుండా. నేను చరఖా ముందు కూర్చుని కండెలు చుట్టాను. కండెలకు బలం అక్కర్లేదు, ఆకలితో కూడా చుట్టొచ్చు. నేను నెల తిరక్కుండా మళ్ళీ మగ్గమెక్కుతానని ఇద్దరం అనుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు అనుకోవడం మానేశాం.

పడుగు అయిపోయాక, మొదలు నుంచీ ఆమే నేసిన చీరలు పట్టుకుని సేటు దగ్గరికి నేనే వెళ్ళాను. మడత మీద మడత వేశాడు. గడి మీద గడి కూర్చుంది. ఆయన మొహం వికసించింది. "గిదిరా చెయ్యంటే! మీ నాయన చెయ్యి మల్లొచ్చింది నీకు" అని నా భుజం తట్టాడు. నోట్లోకి వచ్చింది, అది నా చెయ్యి కాదు అని. మింగేశాను. కొత్త పడుగు చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. "ఏమన్నడు?" అని ఆమె అడిగితే, "మంచిగున్నదన్నడు" అన్నాను. ఎవరిది మంచిగున్నదో చెప్పలేదు. ఈ మాట ఇప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. రాయడం సులువుగా ఉంది, చెప్పడం కాదు.

ఇక ఉపవాసం కష్టం కాలేదు. చెడగొట్టడానికి నా చేతిలో చీర లేదు కదా! ఏడాది దాటేసరికి తొంభై తొమ్మిదికి వచ్చాను. పాత అంగీలు గోనెసంచుల్లా వేలాడాయి. డాక్టరమ్మ బయట కూర్చున్నవాళ్ళను పిలిచి మరీ నన్ను చూపించింది. బిడ్డ ఫోన్‌లో, "బాపూ, ఇగ గుంతలకు దిగు" అని అరిచింది. అమ్మ గుట్టకు ఎప్పుడు పోదామని రోజూ అడుగుతోంది.

ఒక మధ్యాహ్నం నా భార్య పక్క గల్లీలో పెళ్ళింటికి పసుపు దంచడానికి వెళ్ళింది. అమ్మ కునుకు తీస్తోంది. నేను చరఖా వదిలి లేచి, మగ్గం దగ్గరికి వెళ్ళి, ఏ గుంజా పట్టుకోకుండా గుంతలోకి దిగాను. పట్టాను. కర్రకూ పొట్టకూ మధ్య అరచేయి పెట్టి చూశాను, అరచేయి పట్టింది. ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళకు! అట్లాగే కాళ్ళు చాపి తొక్కుడు కర్రల కోసం వెతికాను. అవి పైకి ఉన్నాయి. ఆమె కాళ్ళు పొట్టివి, తాళ్ళు బిగించి కట్టుకుంది. తొక్కబోతే మోకాళ్ళు వెళ్ళి పైన కర్రకు తగిలాయి. ఆ ముడులు విప్పి కట్టుకోవడం ఎంతసేపు, చాయ్ చల్లారేంతసేపు. వంగి ఒక ముడి పట్టుకున్నాను. ముఖం ముందు ఆమె నేస్తున్న చీర ఉంది, సగంలో ఆగిన గడి ఉంది. నా చేతికి దెబ్బ తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఆ గడి మీదే తెలుసుకోవాలి. ముడి పట్టుకుని అట్లాగే ఉండిపోయాను.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఆమె పసుపు చేతులతో గుమ్మంలో నిలబడింది.

"దిగినవా!" అంది. నిజంగానే సంతోషపడింది, కళ్ళు మెరిశాయి. దగ్గరికి వచ్చి నా పొట్టకూ కర్రకూ మధ్య సందు చూసి నోటి మీద చేయి పెట్టుకుంది. తర్వాత నా చేతిలో ఉన్న ముడి చూసింది.

"ఇప్పుకో. నీ కాళ్లకు కట్టుకో" అంది.

అంది కానీ కదలలేదు. పసుపు అంటుతుందని కూడా చూసుకోకుండా మగ్గం గుంజ మీద చేయి వేసి నిలబడింది. చరఖా వైపు చూడలేదు.

మా ఇళ్లలో ఎవరైనా జాగా ఇస్తే వెంటనే తీసుకోరు. అయ్యో వద్దు, నువ్వే కూర్చో అని మూడుసార్లన్నా అంటారు. బస్సులో కూడా అంటారు. నేను ముడి వదిలేసి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి పైకి లేచాను.

"నువ్వే కూసో. నేను కండెలు సుడత" అన్నాను.

ఆమె ఒక్కసారి కూడా వద్దనలేదు.